పేరులేని బైట్లు ఫైలుగా మారిన చరిత్ర

నేడు ఒక విద్యార్థి పరీక్ష దరఖాస్తుతో పాటు తన ఛాయాచిత్రమును పంపును. ఒక రైతు తన దస్తావేజు నకలును కార్యాలయమునకు పంపును. ఒక వృద్ధుడు తన పింఛను కాగితమును మనుమని చేత పంపించును. మీట నొక్కిన కొలది క్షణములలో "చేరినది" అను సమాధానము తెర మీద కనిపించును. పంపినవారు నిశ్చింతగా నుందురు. కాని తీగవెంట నడచినది ఛాయాచిత్రము కాదు, దస్తావేజును కాదు. 0 మొదలు 255 వరకు గల సంఖ్యలు బారులు తీరి నడచినవి. ఆ సంఖ్యలకే బైట్లని పేరు. ఆవలి ఒడ్డున నున్న సర్వరు అను యంత్రము ఆ బారును అందుకొని, దానికొక పేరు, ఒక జాతి, ఒక పరిమాణము చేర్చి, తిరిగి ఫైలు అను వస్తువుగా నిలుపవలెను. ఈ పని ఏ విధముగా సాధ్యమైనది? ఎవరెవరి చేతుల మీదుగా నేటి రూపమునకు వచ్చినది? ఈ ప్రసంగమున మనము విచారింపబోవు విషయ మిది.

మన తాళపత్ర గ్రంథములను చూచినవారికి ఇందలి చిక్కు సులభముగా బోధపడును. ఆకులను రంధ్రముల గుండ త్రాటితో కూర్చి, పైనను క్రిందను పలకలు పెట్టి కట్టుట మన పూర్వుల ఆచారము. ఆకుల మీద వరుస సంఖ్యలుండును. ఆశ్వాసము ముగిసిన చోట గద్య యుండును. అందు కవి పేరు, గ్రంథము పేరు చెప్పబడును. త్రాడు తెగి, గద్య గల ఆకులు జారిపోయిన గ్రంథమును పండితుడు చదువగలడు గాని, అది ఎవరి కృతియో చెప్పుటకు తర్కింపవలసి వచ్చును. బైట్ల రాశియు నట్టిదే. సంఖ్య లన్నియు భద్రముగా చేరినను, ఇది చిత్రమా, పాటయా, లేఖయా అను మాట వానిలో తప్పక వ్రాసియుండునను నియమము లేదు. ఆ మాటను వేరుగా పంపవలెను. పంపువారును అందుకొనువారును ఒకే ఒప్పందమునకు కట్టుబడవలెను. పిమ్మట, పంపినవారు చెప్పిన మాట నిజమో కాదో అందుకొన్నవారు పరీక్షింపవలెను. మొదటి రెండింటిని సాధించుటకు సుమారు 40 సంవత్సరములు పట్టినది. మూడవది ఎన్నటికిని ముగియని పని.

బైట్ అను పదమును 1956లో ఐ.బి.ఎం. సంస్థలో, స్ట్రెచ్ అను కంప్యూటరును రూపొందించుచున్న కాలమున, వెర్నర్ బుఖోల్జ్ అను శాస్త్రజ్ఞుడు కల్పించినాడు. ఆంగ్లమున కొరికిన ముక్క అని అర్థమిచ్చు మాట దీనికి మూలము. బిట్ అను మాటతో పొరపాటున కలిసిపోకుండుటకై ఆయన దాని వర్ణక్రమమును కొంచెము మార్చినాడు. బిట్ అనగా 0 లేక 1. ఒక బైటునకు ఎన్ని బిట్లుండవలెనను విషయమున ఆ దినములలో ఏకాభిప్రాయము లేదు. యంత్రమును బట్టి మారుచుండెడిది. 1964 ఏప్రిల్ 7న ఐ.బి.ఎం. వారు ప్రకటించిన సిస్టమ్ 360 శ్రేణి 8 బిట్ల బైటును స్వీకరించిన పిదప ఆ కొలత క్రమముగా లోకమున స్థిరపడినది. 8 బిట్లతో 256 సంఖ్యలను వ్రాయవచ్చును.

అంతకు ముందు సంవత్సరము, 1963లో, అమెరికా ప్రమాణ సంఘమువారు ఆస్కీ అను అక్షరపట్టికను ప్రకటించియుండిరి. అందు ప్రతి గుర్తునకు 7 బిట్లు మాత్రమే. మొత్తము 128 స్థానములు. ఆంగ్లాక్షరములకు, అంకెలకు, విరామచిహ్నములకు అవి చాలినవి. ప్రపంచమందలి తక్కిన లిపులకు అందు చోటు లేకపోయినది. ఈ 7కును 8కిని మధ్యనున్న ఒక్క బిట్ భేదము తరువాతి కథలో ఎంత చిక్కు తెచ్చినదో ముందు చూడగలము.

ఇక ఫైలు అను భావము. తొలినాటి పెద్ద కంప్యూటరులలో ఫైలు అనగా చిల్లుల కార్డుల కట్ట వంటిది. ఒక్కొక్క కార్డునకు 80 గడులు. ఏ గడి నుండి ఏ గడి వరకు ఏమి యుండవలెనో ముందే నిర్ణయము. ఈ పద్ధతిని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ అను ఇరువురు విడిచిపెట్టినారు. 1969లో వారు ఆరంభించిన యూనిక్స్ వ్యవస్థలో ఫైలు అనగా బైట్ల వరుస మాత్రమే. లోపలి నిర్మాణముతో వ్యవస్థకు నిమిత్తము లేదు. దానిని వాడుకొను ప్రోగ్రామే దాని అర్థమును గ్రహించుకొనవలెను. 1974లో ప్రకటించిన తమ వ్యాసమున వారీ సంగతిని స్పష్టముగా వివరించినారు. ఈ నిర్ణయము వలన కలిగిన సౌలభ్య మింతింత కాదు. ఏ ఫైలునైనను ఒకే తీరున చదువవచ్చును, నకలు తీయవచ్చును, మరొకచోటికి పంపవచ్చును. కాని దానికొక మూల్యము కలదు. ఫైలు ఏ జాతిదో వ్యవస్థకు తెలియదు. 1973 నాటి యూనిక్స్ నాలుగవ కూర్పునందే ఫైలు మొదటి బైట్లను తొంగిచూచి జాతిని ఊహించి చెప్పు ఒక ఉపకరణమును చేర్చవలసి వచ్చినదనగా, ఆ లోటు ఎంత త్వరగా తెలియవచ్చినదో గ్రహింపవచ్చును.

ఒక యంత్రములో నున్నంతవరకు ఈ ఊహ చాలును. రెండు దూరపు యంత్రముల నడుమ ఫైలు పంపవలసి వచ్చినపుడు ఒప్పందము కావలెను. 1971 ఏప్రిల్ నెలలో అట్టి తొలి ఒప్పందమును వ్రాసి ప్రచురించినవాడు భారతీయుడగుట మనకు సంతోషదాయకము. ఆయన పేరు అభయ్ భూషణ్, కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివి అమెరికాలోని ఎం.ఐ.టి.కి వెళ్లినవాడు. ఇంటర్నెట్టు నిర్మాతలు అభిప్రాయములు కోరుచు ప్రచురించు పత్రముల వరుసలో ఆయన వ్రాసినది 114వది. ఆ ఫైలు బదిలీ పద్ధతి పెరిగి పెద్దదైన పిదప అందు రెండు మార్గములు ముఖ్యముగా నిలిచినవి. ఒకటి వ్రాతకు, రెండవది ఉన్నది ఉన్నట్లు పంపుటకు. వ్రాతను పంపునపుడు పంక్తి చివరి గుర్తులను ఆవలి యంత్రమునకు తగినట్లు మార్చుట న్యాయము. అదే మార్పు చిత్రమునకు జరిగినచో చిత్రము పాడగును. మార్గము నెన్నుకొను భారము పంపువానిదే. ఆతడు ఒక్క మాట ఏమరచినచో సంఖ్యలు చేరును గాని చిత్రము తెరచుకొనదు.

విద్యుల్లేఖల విషయమున చిక్కు మరింత పెరిగినది. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ ప్రకటించిన తపాలా ఒప్పందము 7 బిట్ల ఆస్కీ అక్షరములను మాత్రమే మోయుటకు ఏర్పడినది. చిత్రములోని 8 బిట్ల బైటును ఆ దారిన పంపినచో ఎనిమిదవ బిట్ దారిలో రాలిపోవచ్చును. బండి ఇరుకు, సరుకు వెడల్పు. దీనికొక ఉపాయమును 1980లోనే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ శాఖలో మేరీ ఆన్ హార్టన్ కనిపెట్టియుండెను. 3 బైట్లలోని 24 బిట్లను 6 బిట్ల చొప్పున నాలుగు భాగములుగ విభజించి, ఒక్కొక్క భాగమును అచ్చునకు వచ్చు ఒక్కొక్క అక్షరముగా వ్రాయుటయే ఆ ఉపాయము. దీనికి యూ-ఎన్‌కోడ్ అని పేరు. మన కథకు ముఖ్యమైన దందు మరొకటి కలదు. ఆ అక్షరముల కట్టకు మొదటి పంక్తిలో "ఆరంభము" అని అర్థమిచ్చు మాట, ఫైలును ఎవరెవరు వాడవచ్చునో తెలుపు సంఖ్య, పిదప ఫైలు పేరు ఉండును. చివర "సమాప్తి" అను మాట యుండును. బైట్లతో పాటు వాని పేరును ఒకే మూటలో కట్టు ఆచారమును ఇందు చూడవచ్చును.

పేరు వచ్చినది గాని జాతి ఇంకను రాలేదు. ఆ లోటును తీర్చినది 1992 జూన్ నాటి మైమ్ అను ప్రమాణము. దీనిని నతానియెల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ అనువారు రచించినారు. ఇందు ప్రతి భాగమునకును తలపంక్తులుండును. వానిలో జాతి, ఉపజాతి వ్రాయవలెను: చిత్రము, అందు ఏ తరగతి చిత్రము, వ్రాత, అందు ఏ తరగతి వ్రాత, ధ్వని, అందు ఏ తరగతి ధ్వని. యూ-ఎన్‌కోడ్‌లోని కొన్ని గుర్తులు వేరు అక్షరపట్టికలు గల యంత్రముల గుండ పోవునపుడు చెడుచుండెడివి. కావున ఎక్కడను మారని 64 అక్షరములను ఏరి బేస్ 64 అను పద్ధతిని స్థిరపరచినారు. 300 కిలోబైట్ల చిత్రము ఈ పద్ధతిలో 400 కిలోబైట్లకు పైబడును. ఒకే లేఖలో అనేక భాగములను పంపవలసినపుడు వాని నడుమ ఒక సరిహద్దు పంక్తిని నాటవలెనని కూడ మైమ్ నిర్ణయించినది. పొలములకు గట్టు వలె, భాగము ఎక్కడ ముగిసి ఎక్కడ మొదలగునో ఆ పంక్తి చెప్పును.

ఇట్లు తపాలా కొరకు పుట్టిన పద్ధతియే వెబ్బునకు పనికివచ్చినది. టిమ్ బెర్నర్స్-లీ 1989లో ప్రతిపాదించిన వెబ్బులో మొదట పాఠకుడు పత్రములను తెచ్చుకొనుటయే గాని పంపుట స్వల్పము. పిదప దరఖాస్తు గడులు వచ్చినవి. వానిలో నింపిన మాటలను పంపు పద్ధతిలో ఆస్కీకి వెలుపలనున్న ప్రతి బైటును మూడు గుర్తులుగ వ్రాయవలెను. నాలుగు మాటల పేరునకు, చిరునామాకు అది సరిపోవును, చిత్రమునకు భారమగును. 1995 నవంబరులో జెరాక్స్ సంస్థకు చెందిన నెబెల్, మాసింటర్ అనువారు 1867వ సంఖ్య గల పత్రమును ప్రయోగాత్మకమని పేర్కొని ప్రచురించినారు. దరఖాస్తులో ఫైలు గడి అను క్రొత్త గడి, ఆ ఫైలును పంపుటకు మైమ్ నుండి తీసికొన్న బహుభాగ పద్ధతి, ఇవియే అందలి సారము. 1996లో వచ్చిన నెట్‌స్కేప్ నావిగేటర్ 2.0 ఈ సౌకర్యమును వాడుకకు తెచ్చినది. మాసింటర్ అదే పద్ధతిని 1998లోను, మరల 2015లోను సవరించి ప్రకటించినాడు. నేటికిని బ్రౌజరు దరఖాస్తుల ద్వారా ఫైలు పంపుటకు వాడునది ఈ పద్ధతియే.

ఇందు జరుగు పని ఇట్లుండును. బ్రౌజరు ముందుగా ఒక సరిహద్దు గుర్తును ఎన్నుకొనును. అది ఫైలు లోపల ఎక్కడను రాకూడదు. రెండు అడ్డగీతలు, పిదప ఆ గుర్తు. క్రింది పంక్తిలో గడి పేరు, ఫైలు పేరు. ఆ క్రింద ఫైలు జాతి. పిదప ఒక ఖాళీ పంక్తి. దాని తరువాత బైట్లు యథాతథముగా. వెబ్బు 8 బిట్ల బైట్లను మోయగలదు గనుక బేస్ 64తో పని లేదు. అన్ని భాగములు ముగిసిన పిదప సరిహద్దు గుర్తు మరల వచ్చును. ఈ మారు దాని చివర కూడ రెండు అడ్డగీతలుండును. అదియే సమాప్తి.

ఇప్పుడు అందుకొను సర్వరు సంగతి. 1993 నుండి వాడుకకు వచ్చిన సి.జి.ఐ. పద్ధతిలో సర్వరు ఈ మొత్తమును ప్రోగ్రామునకు ఒక్క ప్రవాహముగా అందించెడిది. ఎన్ని బైట్లు వచ్చునో, సరిహద్దు గుర్తు ఏదో మాత్రము వేరుగా చెప్పెడిది. సరిహద్దులను వెదకుట, తలపంక్తులను చదువుట, బైట్లను వేరుచేయుట, ఇదంతయు ప్రోగ్రాము వ్రాయువాని పని. ప్రతివాడును ఈ పనిని తానే చేసికొన్నచో తప్పులు తప్పవు. కావున 1995లో రాస్మస్ లెర్డార్ఫ్ ప్రకటించిన పి.హెచ్.పి. మొదలగు సాధనములు క్రమముగా ఈ భారమును తమపై వేసికొన్నవి. 2001 డిసెంబరులో వెలువడిన పి.హెచ్.పి. 4.1.0 నాటికి ప్రోగ్రాము వ్రాయువానికి వచ్చిన ఫైలు పేరు, జాతి, పరిమాణము, తాత్కాలికముగ దాచిన చోటు ఒక చక్కని పట్టికగా దొరకినవి.

అయినను ఈ సౌకర్యము వెంట ప్రమాదమును వచ్చినది. 2002 ఫిబ్రవరిలో పి.హెచ్.పి. ఈ బహుభాగ మూటను విప్పు భాగమునందే తీవ్రమైన లోపములున్నట్లు బయటపడినది. దుర్బుద్ధితో కూర్చిన మూటను పంపి, సర్వరు మీద తమకు తోచిన ఆజ్ఞలను నడిపించుట పరులకు సాధ్యమని తేలినది. 4.1.2 కూర్పు వెంటనే విడుదలయి ఆ లోపములను సరిచేసినది. శ్రోతలు ఒక సంగతి గమనింపవలెను. అపాయము ఫైలు లోపల లేదు. పైకట్టును విప్పు చోటనే యున్నది. మూటలోని సరుకును పరీక్షించుటకు ముందే మూట ముడి విప్పు చేయి జాగ్రత్తగా నుండవలెనని ఆ సంఘటన నేర్పినది.

కాలక్రమమున ఫైలును పట్టికగా గాక ఒక వస్తువుగా చూచు పద్ధతి ప్రబలినది. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున లారెన్స్ పట్టణపు వార్తాపత్రిక కార్యాలయములో పుట్టి 2005 జూలైలో లోకమునకు వెల్లడియైన జాంగో అను సాధనము ఇందుకు మంచి నిదర్శనము. 2008 సెప్టెంబరులో వచ్చిన దాని 1.0 కూర్పునుండి, వచ్చిన ఫైలు చిన్నదైనచో జ్ఞాపకమునందే యుంచుట, పెద్దదైనచో డిస్కు మీద తాత్కాలిక ఫైలుగా వ్రాయుట ఆచారమైనది. హద్దు 26,21,440 బైట్లు, అనగా రెండున్నర మెగాబైట్లు. పెద్ద ఫైలును ఒక్క గుక్కలో మ్రింగక 65,536 బైట్ల చొప్పున అందుకొనును. పదిమంది ఒక్కసారిగా పెద్ద ఫైళ్లు పంపినను యంత్రము ఉక్కిరిబిక్కిరి కాకుండుటకే ఈ ఏర్పాటు.

బైట్లు ఎల్లప్పుడును దరఖాస్తు మార్గమున రావు. సెల్‌ఫోను నుండి బేస్ 64 అక్షరములుగా రావచ్చును. సర్వరే ఒక రసీదును తయారుచేసి యుండవచ్చును. ప్రోగ్రామును పరీక్షించుటకు కృత్రిమముగ కూర్చిన బైట్లు కావచ్చును. అట్టి వట్టి బైట్లను కూడ వచ్చిన ఫైలు వలెనే కనబడునట్లు చేయుటకు జాంగోలో ఒక చిన్న అచ్చు కలదు. దానికి పేరు, బైట్లు, జాతి అను మూటి నిచ్చిన చాలును. పరిమాణమును అదియే లెక్కించుకొనును. అంతట తక్కిన ప్రోగ్రామునకు ఆ వస్తువునకును నిజముగ వచ్చిన ఫైలునకును భేదము తోచదు. ఇందొక మెలకువ కలదు. ఫైలు వస్తువునకు ఎంతవరకు చదివితిమో తెలుపు సూచి యుండును. ఒకమారు కడవరకు చదివి, సూచిని మొదటికి త్రిప్పక మరల చదివినచో ఏమియు రాదు. తెలియక దాచినచో ఖాళీ ఫైలు దాచబడును. రేడియో నిలయములలో టేపు చుట్టలతో పనిచేసిన వారికి ఇది క్రొత్త గాదు. విన్న టేపును వెనుకకు చుట్టక యంత్రమున కెక్కించినచో ప్రసార సమయమున నిశ్శబ్దమే వినబడును.

ఇక పరీక్ష విషయము. మూట మీద వ్రాసిన పేరు, జాతి పంపినవాని మాటలు. పేరులో పై సంచికి, దాని పై సంచికి పొమ్మను గుర్తులు చొప్పించి, సర్వరులోని మరొక ఫైలు మీద తన ఫైలును వ్రాయించుటకు దుర్మార్గుడు చూడవచ్చును. కావున జాగ్రత్త గల సర్వరు పేరులోని దారిని త్రుంచి చివరి మాటను మాత్రమే గ్రహించును. లేదా తానే క్రొత్త పేరు పెట్టును. చిత్రమని చెప్పి ప్రోగ్రామును పంపవచ్చును. కావున జాతిని లోపలి బైట్లతో సరిచూడవలెను. మన గ్రంథములు శ్రీకారముతో ఆరంభమగునట్లు, అనేక జాతుల ఫైళ్లకు నియతమైన తొలి బైట్లు కలవు. 1996లో స్థిరపడిన పి.ఎన్.జి. చిత్రము 137, 80, 78, 71, 13, 10, 26, 10 అను ఎనిమిది సంఖ్యలతో మొదలగును. ఈ ఎనిమిదింటిలో పూర్వపు కష్టములన్నియు గుర్తుంచుకొనబడినవి. 137లో ఎనిమిదవ బిట్ కలదు. 7 బిట్ల దారిలో అది రాలినచో వెంటనే తెలియును. 13, 10 పంక్తి చివరి గుర్తులు. వ్రాత మార్గమున పొరపాటున పంపినచో అవి మారి గుట్టు బయటపెట్టును. నడుమనున్న మూడును ఆ జాతి పేరులోని ఆంగ్లాక్షరములే.

అయినను శ్రీకారము వ్రాసిన ప్రతి ఆకును సద్గ్రంథము కాజాలదు. మొదట చిత్రము వలెను చివర జావా ప్రోగ్రాము మూట వలెను చెల్లుబాటగు ఒకే ఫైలును 2008లో భద్రతా పరిశోధకులు చూపించినారు. చిత్రమును మొదటినుండియు ఆ మూటను చివరినుండియు చదువుట వలన ఇది సాధ్యమైనది. మేడిపండు సామెత ఇక్కడ అక్షరాల వర్తించును. కావుననే తొలి బైట్లను చూచి ఊరకొనక, చిత్రమును పూర్తిగా విప్పి మరల వ్రాసికొనుట, వచ్చిన ఫైళ్లను ప్రోగ్రాములు నడువని చోట దాచుట, పరిమాణమునకు హద్దు పెట్టుట మొదలగు ఏర్పాట్లు తప్పనిసరియైనవి.

తెలుగువారమగు మనకు ఈ చరిత్రలో మరొక పాఠము కలదు. వ్రాత ఫైలునకు జాతి ఒక్కటియే చాలదు. ఏ అక్షరపట్టిక ననుసరించి వ్రాసినదో కూడ చెప్పవలెను. 1991లో వచ్చిన యూనికోడ్ తొలికూర్పునందే తెలుగునకు చోటు దొరకినది. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ కల్పించిన యూటీఎఫ్-8 పద్ధతిలో మన "అ" 224, 176, 133 అను మూడు బైట్లగును. "అమ్మ" అను మాట, నడుమ పొల్లు గుర్తుతో కలిసి, 12 బైట్లు. అందుకొనువాడు దానిని పాత ఐరోపా పట్టికతో చదివినచో, తల మీద గీత గల లాటిన్ అక్షరము, చిన్న సున్న, మూడు చుక్కలు అని "అ" స్థానమున కనిపించును. బైటులలో ఒక్కటియు చెడలేదు. అమ్మ మాత్రము కనిపించదు. 1990ల చివరను 2000ల తొలి సంవత్సరములలోను తెలుగు పత్రికల వెబ్ పుటలు వేరువేరు సొంత అక్షరరూపములను వాడియుండెను. ఆ అక్షరరూపము దొరకనిచోట నాటి బైట్లు నేడు అర్థము కాని రాశిగా మిగులును.

ఫైలు అందుట వేరు, అది ఫలానా ఫైలని తెలియుట వేరు, ఆ తెలిసినది నమ్మదగినదగుట వేరు. తీగలు మొదటి పనిని చేయును. ఒప్పందములు రెండవ పనిని చేయును. మూడవది అందుకొనువాని వివేకముపై ఆధారపడి యున్నది. మన ధ్రువపత్రములు, దస్తావేజులు, కుటుంబ చిత్రములు, కంఠధ్వనులు నానాటికి బైట్ల రూపమున పరుల యంత్రములకు చేరుచున్నవి. పంపువారు పేరును, జాతిని, లిపిని సరిగా చెప్పుటయు, అందుకొనువారు ఆ మూటిని పరీక్షించి భద్రపరచుటయు జరిగిననాడే, నూరేండ్ల తరువాత వాని నెవరైన తెరచినపుడు సంఖ్యలు గాక మన మాటలు, మన ముఖములు కనిపించును.